రెండో కాపీ

మార్చి 3

డ్రైవ్ పాడైంది. వదిన వాక్యాలున్న డ్రైవ్. పొద్దున చూస్తే అందులో ఒక్కటీ లేదు. యంత్రమన్నాక ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది, ఎవరేం చేస్తారు.

వదినకి ఇంకా చెప్పలేదు.

మార్చి 4

పాడవలేదు. ఈ డైరీ చదివేది నేనొక్కణ్ణే, ఇక్కడ కూడా బొంకడం దేనికి. నేనే ఫార్మాట్ కొట్టాను.

నేను సౌండు పని చేసే డబ్బింగ్ స్టూడియోలో నా బల్ల మీద రెండు నల్ల హార్డ్ డ్రైవులుంటాయి, కవలపిల్లల్లా. ఒకటి ఖాళీది, ఒకటి వదినది. వదినదాని మీద చీటీ అంటించాలని అనుకుంటూనే ఉన్నాను. పోయిన వారం ఓనరు వచ్చి నెత్తిమీద కూచున్నాడు. అత్తాకోడళ్ళ సీరియల్ డబ్బింగు ఇవాళే మొదలెట్టాలట, డ్రైవు ఖాళీ చెయ్యమని ఒకటే గోల. చేతికందింది పెట్టాను. ఇందులో ఉన్నవన్నీ పోతాయి, సరేనా అని కంప్యూటర్ అడిగింది. పాపం, అడగడం దాని ధర్మం, అడిగింది. నేను చదవనైనా చదవకుండా సరే నొక్కాను. తరవాత వారమంతా ఆ సీరియల్ బొమ్మలూ మాటలూ దాని మీదే ఎక్కించాను. నిన్న పొద్దున రెండో డ్రైవు తీస్తే అది ఖాళీది. అప్పుడు తెలిసింది నాకు.

వదిన అంటే అన్నయ్య భార్య. డ్రైవింగ్ స్కూల్లో టీచరు. ఆవిడ పక్క సీట్లో కూచుని కసిరితే స్టీరింగు పట్టుకోవడం రానివాడు కూడా నాలుగు వారాల్లో రెండు లారీల మధ్యలోంచి దూరిపోతాడు. ఆ గొంతులో పుండు లేచింది. జనవరిలో ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇప్పుడు మెడ దగ్గర చిన్న రంధ్రంలోంచి ఊపిరి పీలుస్తుంది. చెప్పాల్సింది పలక మీద రాస్తుంది.

ఆపరేషన్‌కి ముందు ఒక కంపెనీ వాళ్ళ సంగతి తెలిసింది. వాళ్ళు పంపే వాక్యాలన్నీ మనిషి చదివి రికార్డు చేసి పంపితే, ఆ గొంతుని తయారుచేసి ఇస్తారు. తరవాత ఏం టైపు చేసినా అదే గొంతు పలుకుతుంది. డిసెంబరంతా సాయంత్రాలు వదినని మా స్టూడియోలో కూచోబెట్టి చదివించాను. నీ గొంతు నా దగ్గర భద్రం వదినా అన్నాను. ఎంత సోకుగా అన్నానో.

మరి ఇన్నాళ్ళూ కంపెనీకి ఎందుకు పంపలేదూ? శుభ్రం చేసి పంపుదామని. వెనకాల ఏసీ హోరు సన్నగా వినిపిస్తోందని. నాకు తప్ప ఇంకెవరికీ వినపడని హోరు.

బయటివాళ్ళ పని ఏదైనా నేను రెండు చోట్ల పెడతాను. కొత్తగా చేరినవాళ్ళకి దీని మీద క్లాసు కూడా పీకుతాను. వదినది మాత్రం ఒక్క చోటే ఉంచాను. ఇంట్లోవాళ్ళదే కదా. ఎవరూ అడగలేదు కూడా. వదినైనా అడగలేదు, రెండో కాపీ ఉందా అని. అడిగుంటే పెట్టేవాణ్ణి.

మార్చి 5

ఇవాళ కొంచెం ప్రాణం లేచొచ్చింది. పొద్దుటినుంచీ పని ఎగ్గొట్టి ఇదే చదువుతున్నాను. ఇన్నేళ్ళుగా డిస్కులతోనే అన్నం తింటున్నాను, అది లోపల ఏం చేస్తుందో ఒక్కనాడూ పట్టించుకోలేదు.

డిస్కుని ముందే చిన్నచిన్న గళ్ళుగా కోసి పెడతారట. ఒక ఫైలు పెద్దదైతే ఎన్నో గళ్ళు పడతాయి, అవి పక్కపక్కనే ఉండాలని లేదు, ఒక ముక్క ఇక్కడ, ఒక ముక్క ఎక్కడో. ఏ ఫైలు ఏయే గళ్ళలో ఉందో రాసుకునే పట్టిక వేరే ఉంటుంది. మనం తెర మీద చూసే పేర్లన్నీ ఆ పట్టికలోవే. ఫైలు తీసెయ్యమంటే కంప్యూటర్ ఆ గళ్ళ జోలికే వెళ్ళదు. పట్టికలో ఈ గళ్ళు ఖాళీ అని గుర్తు పెట్టుకుని ఊరుకుంటుంది. నేను కొట్టిన ఫార్మాటూ అంతే, పాత పట్టిక బదులు కొత్తది పెట్టింది. గుమ్మం మీద పేరు చెరిపేసినంత మాత్రాన లోపలి మనిషి పోతాడా. ఇంకొకళ్ళు వచ్చి ఆ గదిలో చేరేదాకా అక్కడే ఉంటాడు.

అంటే వదిన అందులోనే ఉంది.

సీరియల్ ఎక్కించిన మాట నిజమే. కానీ అంత పెద్ద డిస్కులో అది ఏ మూలకి సరిపోతుంది. పోయినవాటిని వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. పెట్టి వచ్చాను, నడుస్తోంది.

మార్చి 6

దొరికాయి!

పేర్లన్నీ వరసగా వచ్చాయి. వాక్యం ఒకటి, వాక్యం రెండు, నేను పెట్టిన పేర్లే, సైజులు కూడా సరిగ్గా అవే. కుర్చీలోంచి లేచి గెంతాను. ఓనరు తలుపు తీసి చూసి మళ్ళీ వేసేసుకున్నాడు.

మొదటిది తెరిచాను. ఈ ఏడు వానలు తొందరగా వచ్చాయి అని వదిన చదివిన వాక్యం అది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. సీరియల్ అత్తగారు చెవిలో గావుకేక పెట్టింది.

రెండోది తెరిచాను, అందులోనూ అత్తగారే. ఇంకోదాన్లో తలుపు కొట్టిన చప్పుడు, ఇంకోదాన్లో కోడలి ఏడుపు. పాత పట్టిక తునకలు ఎక్కడో మిగిలి పేర్లు చెబుతున్నాయి, ఆ పేర్లున్న గళ్ళలో మాత్రం ఇప్పుడు వేరేవాళ్ళు కాపురం ఉంటున్నారు. సాయంత్రం దాకా ఒక్కొక్కటే తెరిచాను. ఆ అత్తగారి డబ్బింగు నేనే దగ్గరుండి చెప్పించాను, ఇంకా గట్టిగా అరవమ్మా అని.

మార్చి 7

తెరుస్తున్నాను. అత్తగారే.

మార్చి 9

ఆదివారం కదా, అన్నయ్యవాళ్ళింటికి వెళ్ళక తప్పలేదు. వదిన తలుపు తీసి నన్ను చూసి పలక మీద రాసింది: "చెవులపిల్లి వచ్చింది." హెడ్‌ఫోన్స్ లేకుండా నన్ను చూసినవాళ్ళు తక్కువని ఆవిడ పెట్టిన పేరు. ఇదివరకైతే వీధి చివరికి వినపడేలా పిలిచేది.

బాగా చిక్కింది. మెడకి పల్చటి గుడ్డ కట్టుకుంది. టీ ఇచ్చి ఎదురుగా కూచుని రాసింది, నా గొంతు ఎప్పుడొస్తుంది అని. కంపెనీవాళ్ళ దగ్గర ఉంది వదినా, టైము పడుతుందట అన్నాను. ఎంత టైము అని రాసింది. వాళ్ళు చెప్పరు వదినా, పెద్ద కంపెనీ, వాళ్ళకి మనం ఒక లెక్కా అన్నాను. కంపెనీని నాలుగు తిట్లు కూడా తిట్టాను. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు.

ఆవిడ నవ్వింది. చప్పుడు రాదు, భుజాలు మాత్రం కదులుతాయి.

బల్ల మీద చిన్న ట్యాబ్లెట్ ఉంది. దాంట్లో బటన్లు గీసి పెట్టుకుంది, ఒక్కోదాని మీద ఒక్కో మాట: క్లచ్ మెల్లగా. అద్దం చూడు. ఎడమకి. ఆగు. పాపం, గొంతు రావడమే తరువాయి అన్నట్టు వరసగా పేర్చుకుంది. ఇప్పుడు నొక్కితే ఎవరో ముక్కుతో మాట్లాడే అమ్మాయి గొంతు వస్తుంది. స్కూల్లో ఒకసారి పెట్టి చూస్తే ఆ గొంతుకి నేర్చుకునేవాళ్ళు నవ్వారట. ఆగు అంటే ఆగలేదట.

నువ్వు కూచునే పక్క సీటు దగ్గర కూడా బ్రేకుంటుంది కదా వదినా, తొక్కెయ్యొచ్చు కదా అన్నాను. పలక నిండా రాసింది. నేను తొక్కితే బండి ఆగుతుంది, వాడికి ఆపడం రాదు. వాడి కాలే తొక్కాలి. దానికి నా గొంతు కావాలి.

టీ సగంలో వదిలేసి వచ్చేశాను.

మార్చి 11

డిస్కుల్లోంచి పోయినవి తీసే ఆవిడ ఒకావిడ ఉందని ఓనరు చెప్పాడు. వెళ్ళాను. మందుల షాపు మేడ మీద ఒక్క గది. గోడంతా అరలు, అరల్లో చచ్చిన డిస్కులు. ఆవిడ బిస్కెట్లు నములుతూనే మాట్లాడుతుంది, పొడి అంతా కీబోర్డు మీద పడుతూంటుంది. మొదట్లో బోలెడు ధైర్యం చెప్పింది. ఇంతకంటే ఘోరమైనవి తీశాను, నూటికి తొంభై వస్తాయి, నాకొదిలెయ్యండి అంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

తరవాత డ్రైవు తగిలించి చూసి నమలడం ఆపేసింది. సీరియల్ తరవాత కూడా దీని మీద ఏదో రాశారే, ఏమిటది అని అడిగింది. రికవరీ చేశానండి, దొరికినవన్నీ దాచాను అన్నాను. ఎక్కడ దాచారు అంది.

దాని మీదే. స్టూడియో కంప్యూటర్‌లో చోటు లేదు. అదే డ్రైవులో కొత్త ఫోల్డరు పెట్టి అందులోకే దాచుకున్నాను.

ఆవిడ బిస్కెట్ ప్యాకెట్టు పక్కన పెట్టి విడమరిచి చెప్పింది. ఖాళీ గళ్ళు అని కంప్యూటర్ అనుకునేవి నిజానికి వదిన ఉన్న గళ్ళు. పనికిమాలిన అత్తగారి కేకల్ని తీసి మళ్ళీ ఆ గళ్ళలోనే పోశాను. సీరియల్ తొక్కకుండా వదిలినవాటిని నేను వెతుకుతూ వెతుకుతూ తొక్కేశాను. ఆ రోజు డ్రైవు పీకేసి ముట్టుకోకుండా తెచ్చి ఇచ్చి ఉంటే సగమైనా ఉండేవేమో అంది. తొంభై అన్న నోటితోనే ఇప్పుడు ఏమో అంటోంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారంటే అర్థముంది. నేను ఆ ఆకులకి కూడా నిప్పుపెట్టుకున్నాను.

మార్చి 12

పనికి వెళ్ళలేదు.

మార్చి 14

అన్నయ్య స్టూడియోకి వచ్చాడు. ఎప్పుడూ రాడు. స్కూలు బండ్లన్నీ వాడే బాగుచేస్తాడు, చేతులకి నూనె ఉంటుందని కుర్చీలో కూచోడు. నిలబడే చెప్పాడు. వచ్చే నెలనుంచి వస్తానని వదిన స్కూలువాళ్ళకి మాట ఇచ్చేసిందట. ఆపరేషన్‌తో నేర్చుకోవడం సగంలో ఆగిన శిష్యురాలు ఒకావిడ, నర్సు, మిగతాది వదిన దగ్గరే నేర్చుకుంటానని ఆగి ఉందట. వదిన రోజూ బండిలో కూచుని బటన్లు నొక్కడం అలవాటు చేసుకుంటోందట, ఎదురుగా చూస్తూనే వేలు సరైన చోటికి వెళ్ళాలని. ఈ గొంతు రాకపోతే ఆ మనిషి ఏమైపోతుందో నాకు తెలీడం లేదురా అన్నాడు.

వస్తుంది అన్నయ్యా అన్నాను.

వాడు వెళ్ళాక బల్ల మీద నూనె మరక కనపడింది. తుడవబుద్ధి కాలేదు.

నాకొకటే అనిపిస్తోంది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడిగుంటే. రెండో కాపీ ఉందా అని.

మార్చి 17

డిస్కులావిడ ఫోను చేసింది. ఒకటి దొరికిందట. పేరు లేదు, పట్టికలో దాని ఊసే లేదు, డిస్కు చివర ఎక్కడో వరసగా కొన్ని గళ్ళలో పడి ఉంది. ఎలా మిగిలిందో తెలీదు అంది. మిగతా అంతా గుల్ల.

అక్కడే కూచుని విన్నాను. వదిన గొంతు. వచ్చింది, నిజంగా వచ్చింది. నా పక్కన డిస్కులావిడ బిస్కెట్ పట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఇది వాక్యం కాదు. చివరి సాయంత్రం, వాక్యాలన్నీ అయిపోయాక నేను మైకు ఆపడం మర్చిపోయి రికార్డయిన ముక్క. లిస్టులో లేదు కాబట్టి పనికిరాదని ఆ మర్నాడే తీసేశాను. ఆ సాయంత్రం చదివిన వాక్యాలు కూడా దీని పక్కనే ఎక్కడో ఉండేవి. భద్రంగా పేరు పెట్టి దాచుకున్నవి. అవి పోయాయి. పారేసింది మిగిలింది.

కుర్చీ కిర్రుమంటుంది. నీళ్ళు తాగిన చప్పుడు. తరవాత వదిన నవ్వి, చక్కెర ధర, వాన, రైలు, ఇంతసేపు చదివాను, ఒక్క మాటైనా నా బండిలో పనికొస్తుందా ఇందులో అంటుంది. నేను ఏదో గొణుగుతాను. వైర్లు చుట్టుకుంటున్న చప్పుడు, తలుపు వైపు నడుస్తున్న నా చెప్పులు. ఆ తరవాత ఇది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఒరేయ్ చెవులపిల్లీ, ఇవన్నీ ఇంకోచోట కూడా పెట్టావా లేదా? ఓయ్, ఆగు."

"పెట్టాను వదినా, పెట్టాను. రెండు చోట్లున్నాయి."

అక్కడికి అయిపోయింది.

ఈ డైరీలో నాలుగో తేదీన ఏం రాశానో తిప్పి చూశాను. వదినైనా అడగలేదు అని రాశాను. పద్నాలుగున కూడా అదే. రాసేటప్పుడు అబద్ధమని తెలిసి రాయలేదు, ఒట్టు. ఇప్పుడు వింటే మాత్రం ఆ గుమ్మం, ఆ వైర్లు, అన్నీ గుర్తొస్తున్నాయి. అప్పుడు ఆకలేస్తోంది, రేపు పెడదాంలే అనుకున్నాను.

మార్చి 18

నా మాట కోసెయ్యడం నాకు ఒక్క నిమిషం పని. మనుషుల నోట్లోంచి మాటలు తీసి పారెయ్యడమే కదా నా బతుకుతెరువు. వదిన ప్రశ్న కూడా కోసేస్తే, చక్కెర ధర దగ్గర ఆపేస్తే, డ్రైవు దానంతటదే పాడైంది వదినా, ఇదొక్కటే దొరికింది అని ఇవ్వొచ్చు. ఆవిడ నన్ను మెచ్చుకుంటుంది కూడా, కష్టపడి తీయించాడని.

కోసి చూశాను. చాలా శుభ్రంగా వచ్చింది.

మార్చి 19

కొయ్యనిదే తీసుకెళ్ళాను.

ముందు అంతా చెప్పాను, ఫార్మాటు, సీరియలు, వెతుకుతూ తొక్కెయ్యడం, కంపెనీకి అసలు పంపకపోవడం. వదిన కదలకుండా విన్నది. అన్నయ్య గుమ్మంలో నిలబడ్డాడు. తరవాత ఫోను బల్ల మీద పెట్టి వినిపించాను.

తన గొంతు వినగానే వదిన చెయ్యి మెడ మీదకి వెళ్ళింది. చివరిదాకా విన్నది. నా అబద్ధం దగ్గర నేను తల వంచుకున్నాను. పలక మీద బలపం చప్పుడైతే చూశాను: "మళ్ళీ."

మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే చూపించింది. ఎన్నిసార్లు పెట్టానో. ప్రతిసారీ ఆవిడ తన గొంతు వినడానికి చెవి ఒగ్గితే, దాని వెనకే నా పెట్టాను వదినా, పెట్టాను. అంత ధీమాగా ఉంది నా గొంతు.

చివరికి పలక బోర్లా పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పలక బోర్లా పెట్టిందంటే ఇక మాటల్లేవని. నేను లేచి వస్తూంటే అన్నయ్య మెట్ల దాకా వచ్చాడు. వాడూ తిడతాడనుకున్నాను.

"దానికి నిన్ను తిట్టాలని ఉందిరా. రాస్తే తిట్టినట్టుండదు. అదీ దాని ఏడుపు" అన్నాడు.

మార్చి 21

కంపెనీకి ఆ ముక్క పంపాను. ఇంత కొంచెంతో గొంతు తయారవదు అని జవాబు. మర్యాదగానే రాశారు. వాళ్ళని ఊరికే తిట్టాను ఆ రోజు.

మార్చి 24

పలక ఇంకా బోర్లాగానే ఉందట. అన్నయ్య చెప్పాడు.

మార్చి 27

వదినే స్టూడియోకి వచ్చింది. ట్యాబ్లెట్ నా బల్ల మీద పెట్టి, ఆగు అన్న బటన్ మీద వేలు పెట్టి, పలక తీసి చూపించింది. బండిలోనే రాసుకొచ్చినట్టుంది. "అందులో ఆ ఒక్కటీ కోసివ్వు."

కూచున్నాను. ఓయ్ దాకా కోసేశాను. ఆగు, ఒక్క మాట. చిక్కేమిటంటే ఆవిడ గు ఇంకా అయిపోకముందే నా పెట్టానులోని పె మొదలవుతుంది. అంత తొందర నాకు, తప్పించుకుని తిండికి పోవాలని. పె తీసేద్దామంటే గు తెగిపోతోంది. గు తెగితే అది వదిన గొంతులా ఉండదు, ఎవరో ఎక్కిళ్ళు పెట్టినట్టుంది. ఏసీ హోరు తీసే పరికరాలన్నీ వాడాను. పని మీద ఇంత శ్రద్ధ పెట్టి ఎన్నాళ్ళయిందో.

వదిన నా భుజం మీద తట్టింది. పలక: "ఉండనీ."

కాదు వదినా, ఇంకో గంట ఇస్తే అన్నాను. ఆవిడ ఉండనీ కింద గీత గీసింది. నన్ను సూటిగా చూసింది. ఆ గీత సరిగ్గా తిట్టులాగే ఉంది, కొంచెం హాయిగా కూడా అనిపించింది.

ఏప్రిల్ 2

వెనక సీట్లో కూచోమని నన్నూ తీసుకెళ్ళారు, యంత్రం మొరాయిస్తే చూడాలని. స్టీరింగు దగ్గర నర్సు. పక్కన వదిన, ఒళ్ళో ట్యాబ్లెట్. మిగతా బటన్లన్నిటికీ ముక్కుతో మాట్లాడే అమ్మాయే. క్లచ్ మెల్లగా, అద్దం చూడు అంటోంది, నర్సు సరేనండి సరేనండి అంటూ పెదవులు బిగబట్టి నవ్వాపుకుంటోంది.

మలుపు దగ్గర ఒక సైకిలు అడ్డంగా వచ్చింది. వదిన చూపు రోడ్డు మీదే ఉంది, వేలు దానంతటదే వెళ్ళింది.

ఆగు.

బండి మొత్తం దద్దరిల్లింది. నర్సు కాలు ఠక్కున బ్రేకు మీద పడింది. నా కాలు కూడా పడింది, వెనక సీట్లో బ్రేకెక్కడుంది. సైకిలతను మమ్మల్ని చూడకుండానే తొక్కుకుంటూ పోయాడు. వదిన కాలు మాత్రం తన బ్రేకు మీదకి వెళ్ళనేలేదు, నేను చూశాను.

నర్సు ఊపిరి పీల్చుకుని, మీ గొంతే మేడమ్ అంది. కొంచెంసేపయ్యాక, ఆ వెనకాల ఇంకెవరో పె అన్నారే, అదేమిటి అని అడిగింది. వదిన వెనక్కి తిరగకుండా బొటనవేలితో నన్ను చూపించింది. భుజాలు కదిలాయి. నవ్విందో ఇంకోటో, వెనకనుంచి తెలీలేదు.

సాయంత్రం దాకా ఆ బటన్ ఎన్నోసార్లు నొక్కింది. ప్రతిసారీ ఆగు, ప్రతిసారీ వెనకాల నేను. ఆవిడ ఆ బండిలో కూచున్నన్నాళ్ళూ అది అలాగే వస్తుంది.

ఇంటికొచ్చి ఆ ఒక్క మాటనీ మూడు చోట్ల పెట్టాను. ఒకటి నా దగ్గర, ఒకటి స్టూడియోలో, ఒకటి అన్నయ్య షెడ్డులో. మూడింటికీ చీటీలు అంటించాను. ఈసారి నిజంగానే ఎవరూ అడగలేదు.